ఎన్నేళ్లు నిలబడాలో ముందు తేల్చండి: ఒక పాత నది వంతెన కేస్ స్టడీ

ఈ వంతెన పేరూ, నది పేరూ రాయడం లేదు. ఫైలు ఇంకా నడుస్తోంది. పైగా ఇక్కడ చెప్పబోయే ఇంజనీరింగ్ సంగతులకు పేరుతో పని లేదు. ఇసుక నది మీద, రాష్ట్ర రహదారిలో, 1960ల మొదట్లో కట్టిన రెండు లైన్ల ఆర్‌సీసీ వంతెన అది. పొడవు అర కిలోమీటరుకు కాస్త ఎక్కువ. నది అడుగులోకి దించిన బావి పునాదులు, వాటి మీద పియర్లు (స్తంభాలు). ప్రతి పియర్ నుంచి రెండు వైపులా బయటికి వచ్చిన కాంటిలీవర్ గిర్డర్లు (దూలాలు), ఆ గిర్డర్ల కొనల మీద ఆనించిన మధ్య స్పాన్లు (రెండు ఊతల మధ్య వంతెన ముక్కలు). సిమెంటుకీ ఉక్కుకీ కటకటగా ఉన్న రోజుల్లో తక్కువ సరుకుతో పొడుగు స్పాన్ ఇచ్చే పద్ధతి ఇది. అందుకే దేశంలో చాలాచోట్ల ఈ రకం వంతెనలు కనిపిస్తాయి.

మమ్మల్ని పిలిచింది రిపేరు ఎస్టిమేట్ కోసం. రెయిలింగ్ విరిగింది, డెక్ కింద పెచ్చులు ఊడుతున్నాయి, జాయింట్ల దగ్గర బండ్లు ఎగిరి పడుతున్నాయి. ఇదీ ఫిర్యాదు. మొదటి మీటింగులో నేను అడిగింది ఒకటే ప్రశ్న: ఈ వంతెన ఇంకా ఎన్నేళ్లు నిలబడాలి? గదిలో మూడు జవాబులు వచ్చాయి. ఒకరు రెండేళ్లలో కొత్తది వచ్చేస్తుందన్నారు. ఒకరు, బాగా రిపేరు చేస్తే ఇంకో ముప్ఫై ఏళ్లు చూసుకోనక్కర్లేదన్నారు. మూడో ఆయన అది తన సెక్షన్ కాదన్నారు. అది నిజమే. మెయింటెనెన్స్ చూసేది ఒక సెక్షన్, కొత్త వంతెనల ప్రతిపాదనలు చూసేది ఇంకో సెక్షన్. రెండు ఫైళ్లూ ఒకే బల్ల మీదికి వచ్చిన సందర్భమే లేదు.

మన దగ్గర పాత వంతెనల అసలు రోగం ఇదేనని నా అభిప్రాయం. రెండేళ్లు నిలబడాలంటే చేసే పని వేరు, ఎనిమిదేళ్లకు చేసే పని వేరు, ముప్ఫై ఏళ్లకు చేసేది పూర్తిగా వేరు. ఆ అంకె తేలకుండా ఎస్టిమేట్ వేస్తే చివరికి మిగిలేది సిమెంటు పూతా, సున్నం రంగూ, పైన ఇంకో పొర తారూ.

కింద నుంచి చూస్తే

ఐఆర్‌సీ ఎస్‌పీ 35 (రోడ్లు, వంతెనల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పుస్తకం) ప్రకారం తనిఖీ మొదలుపెట్టాం. రిజిస్టరులో ప్రతి ఏటా తనిఖీ జరిగినట్టే ఉంది, ప్రతి ఏటా 'సంతృప్తికరం' అనే ఉంది. అవన్నీ రోడ్డు మీద నడిచి రాసినవి. మేం మొబైల్ ఇన్‌స్పెక్షన్ యూనిట్ తెప్పించి, దాని బుట్టలో నిలబడి కాంటిలీవర్ కొన దగ్గరికి వెళ్లాం.

ఈ రకం వంతెనలో కీలకమైన చోటు అదే. కాంటిలీవర్ గిర్డర్ కొనను సగం ఎత్తుకు కోసి మెట్టులా చేస్తారు. మధ్య స్పాన్ గిర్డర్ కొననీ తిరగేసి అలాగే కోస్తారు. ఒకదాని మీద ఒకటి కూర్చుంటుంది, మధ్యలో బేరింగ్. మొత్తం స్పాన్ బరువు, దాని మీద పోయే లారీల బరువు ఆ సగం ఎత్తు కాంక్రీటు మీంచే దిగాలి. దీన్నే ఆర్టిక్యులేషన్ అంటారు. సరిగ్గా దాని నెత్తినే ఎక్స్‌పాన్షన్ జాయింటు ఉంటుంది. జాయింటు కారడం మొదలైతే వాన నీళ్లు, మట్టి, లారీల నుంచి కారిన ఆయిలు అన్నీ చేరేది ఆ మెట్టు మీదికే.

ఇక్కడ జాయింటు రబ్బరు ఎప్పుడో పోయింది. సందులో మట్టి నిండి గడ్డి మొలిచింది. ఆ గడ్డి పీకి టార్చి వేసి చూస్తే ఉక్కు రోలర్ బేరింగ్ ఒక పక్కకు ఒరిగి తుప్పుతో బిగుసుకుపోయి ఉంది. అది కదలక చాలా ఏళ్లయిందని చూస్తేనే తెలుస్తోంది. బేరింగ్ కదలకపోతే ఎండకి స్పాన్ సాగినప్పుడల్లా ఆ లాగుడంతా కాంక్రీటు మెట్టు మీద పడుతుంది. మెట్టు లోపలి మూల నుంచి ఏటవాలుగా ఒక బీట పైకి పోతోంది. సుత్తితో కొడితే బోలు శబ్దం వచ్చింది. మూల మీద వేళ్లు పెట్టి లాగితే అరచేయంత పెచ్చు చేతికి వచ్చేసింది. లోపల నిలువు ఊచ ఒకటి పొరలు పొరలుగా తుప్పు పట్టి, ఒకచోట పూర్తిగా తెగిపోయి ఉంది. తుప్పు ఉక్కు కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి ఊచ లోపల సన్నబడుతూ బయట కాంక్రీటును పగలగొడుతూ ఉంటుంది. ఫినాల్ఫ్తలీన్ చల్లితే గులాబీ రంగు ఊచల వెనక ఎక్కడో లోపలికి వెళ్లాకే వచ్చింది. అంటే ఊచలను కాపాడే క్షారగుణం పైపొరలో పూర్తిగా పోయింది.

ఆ మెట్టు తెగితే ముందు హెచ్చరిక ఉండదు. గిర్డర్ మధ్యలో బలహీనపడితే వంగుతుంది, బీటలు కనిపిస్తాయి, టైమ్ ఇస్తుంది. ఆర్టిక్యులేషన్ షియర్‌లో (అడ్డంగా కోసినట్టు) పోతుంది, ఒక్కసారిగా పోతుంది. కెనడాలో లవాల్ దగ్గర 1970లో కట్టిన కాంకార్డ్ ఫ్లైఓవర్ 2006 సెప్టెంబరు 30న ఇలాంటి చోటే తెగి పడింది, అయిదుగురు చనిపోయారు. మన దేశంలో 2025 జులై 9న గుజరాత్‌లో మహిసాగర్ నది మీది గంభీరా వంతెన స్పాన్ కూలి వాహనాలు నదిలో పడ్డాయి. అది 1985 నాటిది. పెడెస్టల్ (బేరింగ్ కింది దిమ్మె), ఆర్టిక్యులేషన్ నలిగిపోవడమే కారణమని ప్రాథమిక విచారణ తర్వాత ప్రభుత్వం చెప్పింది. ఆ సంఘటనలో ఇంకో సంగతి ఎవరూ మర్చిపోకూడదు. పక్కన కొత్త వంతెన కట్టడానికి అప్పటికే ఆమోదం వచ్చి ఉంది. కొత్త వంతెన ఫైలు ఎంత ముందుకెళ్లినా పాత స్పాన్‌ని పట్టుకుని నిలబెట్టదు.

తారు బరువు

రోడ్డు పొర మందం ఎంతో ఎవరికీ తెలియదు. చిన్న కోర్లు తీశాం. అసలు డ్రాయింగులో ఉన్న వేరింగ్ కోటు మీద, అప్పుడప్పుడూ వేసుకుంటూ పోయిన తారు పొరలు కొన్ని స్పాన్లలో 100 మిల్లీమీటర్ల దాకా చేరాయి. ఏడు మీటర్ల వెడల్పున అంత మందం అంటే మీటరు పొడవుకు ఒకటిన్నర టన్నుకు పైగా అదనపు బరువు. 20 మీటర్ల మధ్య స్పాన్ మీద ముప్ఫై టన్నులు దాటుతుంది. నిండా లోడున్న మూడు యాక్సిళ్ల లారీని స్పాన్ మధ్యలో పార్క్ చేసి తాళం వేసుకుని వెళ్లిపోయినట్టు లెక్క. ఆ లారీల చట్టబద్ధ బరువు కూడా ఊరికే లేదు. 2018లో కేంద్రం మూడు యాక్సిళ్ల లారీ మొత్తం బరువును 25 నుంచి 28.5 టన్నులకు, నాలుగు టైర్ల యాక్సిల్ బరువును 10.2 నుంచి 11.5 టన్నులకు పెంచింది. వంతెన మాత్రం 1960ల నాటిదే.

గుంతలు పడ్డప్పుడల్లా పాత పొర గీకకుండా కొత్త పొర వేయడం కాంట్రాక్టరుకు సుఖం, కొలత పుస్తకంలో రాసుకోవడానికీ సుఖం. వంతెన మీద మాత్రం ఈ అలవాటు మానాలి. మొత్తం కేసులో అతి తక్కువ ఖర్చుతో అతి ఎక్కువ లాభం వచ్చిన పని ఈ తారు గీకేయడమే. చిన్న మిల్లింగ్ మెషీన్‌తో ఒక లైను తర్వాత ఒక లైను తీసి, నీళ్లు దిగని పూత వేసి, పలచటి పొర ఒక్కటే మళ్లీ వేయించాం.

లోడ్ టెస్ట్ గురించి ఒక మాట. "టెస్ట్ చేసి పాసయితే వదిలేద్దాం" అనే ప్రతిపాదన పైనుంచి వచ్చింది. ఐఆర్‌సీ ఎస్‌పీ 51 పద్ధతిలో బరువు పెట్టి 24 గంటలు ఉంచి, తీసేశాక ఆర్‌సీసీ స్పాన్ వంపు కనీసం 75 శాతం తిరిగి రావాలి. మంచి పరీక్షే. కానీ అది చెప్పేది స్పాన్ వంగుడు గురించి. తుప్పు పట్టిన మెట్టు గురించి గానీ, పునాది కింద ఎంత ఇసుక మిగిలిందో గానీ అది చెప్పదు. పైగా హెచ్చరిక ఇవ్వకుండా తెగే చోటు మీద కావాలని పూర్తి లోడు ఎక్కించడానికి నేను ఒప్పుకోలేదు. ఎస్‌పీ 37 ప్రకారం వంతెన ఎంత బరువు మోయగలదో లెక్కలే వేశాం. తారు తీసేస్తే, వంతెన మధ్యలో ఒకే లైను నడిపితే, మామూలు లారీల వరసకు లెక్కగట్టే క్లాస్ ఎ లోడుకు ప్రస్తుతానికి సరిపోతుంది. రెండు లైన్లకూ సరిపోదు. అంతకంటే భారీ అయిన 70ఆర్ బండ్ల మాట అడగనే కూడదు.

పడవ తాడు

పై భాగం కంటే నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది నీళ్ల కింద సంగతి. పడవ మాట్లాడుకుని ప్రతి పియర్ చుట్టూ బరువు కట్టిన చెయిన్‌తో లోతులు తీశాం. ఒక పియర్ దగ్గర వెల్ క్యాప్ (బావి పునాది మీది మూత) నీళ్ల పైకి పూర్తిగా బయటపడి ఉంది.

"ఈ బావి నెత్తి మా నాన్న రోజుల్లో కనపడేది కాదండి. ఇప్పుడు ఎండాకాలం పడవ తాడు దానికే కడుతున్నాం" అన్నాడు పడవాయన.

"ఎప్పటినుంచి బాబాయ్? పెద్ద వరద తర్వాతా?"

"వరదకి కాదండి. వరదకి పోయిన ఇసుక మళ్లీ వరదకే వచ్చేది. ఆ కింద పొక్లెయిన్లు దిగాక ఇలా అయింది."

ఆయన చెప్పింది ఏ పాఠ్యపుస్తకానికీ తీసిపోదు. వరద నడినెత్తిన ఉన్నప్పుడు పియర్ చుట్టూ గొయ్యి పడుతుంది, వరద తీశాక చాలా వరకు పూడుతుంది. వేసవిలో చూసి అంతా బాగుందనుకోవడం అందుకే ప్రమాదం. రెండోది, నది అడుగే మొత్తంగా దిగిపోవడం. దానికి కారణం ఇక్కడ దిగువన ఉన్న ఇసుక రీచ్. తవ్వేది వంతెనకి దిగువన కదా, మనకేంటి అనుకుంటారు. నీటి వాలు గొయ్యి అంచు దగ్గర పెరుగుతుంది, ఆ అంచు కోసుకుంటూ ఎగువకి పాకుతుంది, కొన్నాళ్లకి వంతెన కిందికి వస్తుంది. పోర్చుగల్‌లో డౌరో నది మీది హింట్జ్ రిబేరో వంతెన 2001 మార్చి 4న కూలి 59 మంది చనిపోయారు. పియర్ పునాది కింద అడుగు కోసుకుపోవడానికి ఏళ్ల తరబడి జరిగిన ఇసుక తవ్వకం ముఖ్య కారణాల్లో ఒకటి.

శాఖ బీరువాలో ఒక పాత బ్లూప్రింటు దొరికింది. అందులో బావి అడుగు మట్టాలు ఉన్నాయి. అప్పటి నది అడుగు మట్టంతో ఇప్పటిది పోలిస్తే తేడా కొన్నిచోట్ల మూడు మీటర్ల దాకా ఉంది. ఐఆర్‌సీ 78లో (వరద నది అడుగుని కోసే) సగటు కోత లోతుకి లేసీ పద్ధతి సూత్రం ఉంది. పియర్ దగ్గర దానికి రెట్టింపు తీసుకుంటాం. బావి ఆ అత్యధిక కోత లోతులో కనీసం మూడో వంతు ఇంకా కిందికి పట్టు కలిగి ఉండాలన్నది పాత నియమం. రెండు పియర్లకు ఆ పట్టు లేదు. మామూలు ఏడాదికి ఫరవాలేదు, పెద్ద వరదకి నమ్మలేం.

అంకె ఎలా తేలింది

అప్పుడు మళ్లీ మొదటి ప్రశ్నకే వచ్చాం. ముప్ఫై ఏళ్లు అన్నది కుదరదని పై రెండు సంగతులతోనే తేలిపోయింది. పునాది బలపరచాలి, ప్రతి ఆర్టిక్యులేషన్ మార్చాలి, అప్పటికీ మిగిలేది రెండు లైన్ల ఇరుకు వంతెనే. రెండేళ్లు అన్నదాన్ని కూడా లెక్కతోనే పడగొట్టాం. డీపీఆర్‌కి (వివరమైన ప్రాజెక్టు నివేదికకి) బోర్లు వేయాలి, కనీసం ఒక వరద కాలం నదిని చూడాలి. అప్రోచ్‌ల భూసేకరణ, అనుమతులు, పరిపాలనా ఆమోదం, టెండరు ఉన్నాయి. తర్వాత నదిలో పని వరద దిగాక మొదలై మళ్లీ వరద వచ్చే లోపే జరగాలి కాబట్టి బావులు దించడానికీ గిర్డర్లు ఎక్కించడానికీ కనీసం మూడు సీజన్లు. ఎక్కడా ఆగకుండా పోతే ఏడేళ్లు. మేం ఎనిమిది వరదలు అని రాసుకున్నాం. ఏళ్లలో కంటే వరదల్లో లెక్కపెడితే మీటింగులో అందరికీ త్వరగా అర్థమవుతుందని ఇక్కడే గమనించాను.

అంకె తేలాక మిగతా నిర్ణయాలన్నీ సులువయ్యాయి. ఎనిమిది వరదల పాటు మనిషి ప్రాణం పోకుండా చూసేవి చేయాలి, వంతెన ఆయుష్షు పెంచేవి వదిలేయాలి. గిర్డర్లన్నిటికీ కాంక్రీటు జాకెటింగ్ (చుట్టూ తొడుగు) వేయాలన్న ప్రతిపాదన కొట్టేశాం. ఖరీదు సంగతి అలా ఉంచి, అది ఆర్టిక్యులేషన్ మీద బరువు పెంచుతుంది. వంతెనంతా గనైటింగ్ (గాలి ఒత్తిడితో సిమెంటు పొర కొట్టడం), రంగు కూడా కొట్టేశాం. రంగు వేస్తే కొత్త బీటలు కనపడవు. నాకు బీటలు కనపడాలి. రెయిలింగ్ మాత్రం బాగుచేయించాం, ఎందుకంటే సాయంత్రం బడి పిల్లలు సైకిళ్ల మీద పోయేది దాని పక్కనుంచే.

ఆర్టిక్యులేషన్లకి చేసింది కొంచెం వివరంగా చెప్పాలి. నదిలోంచి తాత్కాలిక ఉక్కు స్తంభాలు లేపి స్పాన్ల కింద పెడదామన్నది మొదటి ఆలోచన. వరదలో చెట్లు కొట్టుకొచ్చి ఆ స్తంభాలకు తట్టుకుంటే లాభం కన్నా నష్టం ఎక్కువ. అందుకని నదిని ముట్టుకోకుండా పైనే ఏర్పాటు చేశాం. బీటలు లేని చోట, కాంటిలీవర్ గిర్డర్ వెబ్‌కి (నిలువు భాగానికి) అటూ ఇటూ ఉక్కు బ్రాకెట్లు, ఆరపార బోల్టులతో. ఆ బ్రాకెట్ల మీంచి మధ్య స్పాన్ గిర్డర్ల చివర కిందుగా ఒక ఉక్కు దూలం. రోజువారీ బరువు పాత మెట్టు మీదే ఉంటుంది, అది తెగితే స్పాన్ దూలం మీద కూర్చుంటుంది.

చర్చ నడిచింది దూలానికీ గిర్డర్‌కీ మధ్య సందు గురించి. సందు వదిలితే మెట్టు తెగినప్పుడు స్పాన్ ఆ కాస్త దూరం పడుతుంది. అంత బరువు సెంటీమీటరు పడినా దెబ్బ గట్టిగా ఉంటుంది. అసలు సందు లేకుండా జాకీతో బాగా ఎత్తితే కాంటిలీవర్ మీద బరువు పడే చోటు మారి, ఇప్పటిదాకా లేని చోట కొత్త బీట రావచ్చు. చివరికి జాకీతో నామమాత్రంగా తాకేంత ఎత్తి, పలచటి ఉక్కు రేకులతో సందు పూడ్చి, మధ్యలో జారే పలక పెట్టాం, ఎండకి స్పాన్ కదలడానికి. బోల్టుల కోసం రంధ్రాలు వేసేటప్పుడు ఊచలు తెగకుండా ముందే, కాంక్రీటు లోపలి ఊచలను పసిగట్టే కవర్ మీటర్‌తో గుర్తులు పెట్టుకున్నాం. ఉన్న ఊచల్లో మిగిలినవే తక్కువ.

ఇలా బయటి నుంచి ఊతమిచ్చి బతికించుకోవడం చిన్నతనమేం కాదు. మాంట్రియల్‌లో సెయింట్ లారెన్స్ నది మీది షాంప్లైన్ వంతెన 1962లో తెరిచారు. 2013 నవంబరులో దాని అంచు గిర్డర్లో బీట పెద్దదైతే డెక్ మీద ఒక భారీ ఉక్కు దూలం తెచ్చి పెట్టి గిర్డర్‌ని దానికి వేలాడదీశారు. కొత్త వంతెన 2019లో తెరిచే దాకా పాతదాన్ని అలాంటి పనులతోనే నడిపించారు.

పునాదుల దగ్గర, బలహీనమైన రెండు పియర్ల చుట్టూ రాళ్లు పోద్దామన్నారు. ఇసుక మీద నేరుగా పోసిన రాయి ఒకటి రెండు వరదల్లో మునిగిపోతుంది. గుట్టగా పోస్తే నీటిదారి ఇరుకై పక్క పియర్ దగ్గర కోత పెరుగుతుంది. కింద ఫిల్టర్ బట్ట పరిచి, నది అడుగుకి సమానంగా, పైకి లేవకుండా రాళ్ల పరుపు వేయించాం. న్యూయార్క్ రాష్ట్రంలో స్కోహారీ క్రీక్ వంతెన 1987 ఏప్రిల్ 5న వరదలో కూలి పదిమంది చనిపోయారు. పియర్ల చుట్టూ వేసిన రాళ్లు వరదల్లో కొట్టుకుపోతున్నా మళ్లీ సరిగా వేయలేదు. అందుకే ఆ పరుపు ప్రతి వరద తర్వాతా చూడాలని, తక్కువైతే నింపాలని ఎస్టిమేట్‌లోనే ఏటా కొంత పెట్టాం. ఇసుక రీచ్ సంగతి మా చేతిలో లేదు. వంతెనల దగ్గర ఇసుక తీయకూడదని వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) నిబంధనలు ఉన్నాయి. మేం చేసింది మట్టాల పటం గీసి కలెక్టరాఫీసుకు పంపడం. పొక్లెయిన్లు కొంత దూరం జరిగాయి. రాత్రిళ్లు జరగవని నేను చెప్పలేను.

లారీలనూ వరదనూ ఆపేది ఎవరు?

బరువు తగ్గించడానికి అలవాటు ప్రకారం ఎత్తు అడ్డుకమ్మీ పెడదామన్నారు. ఎత్తుకీ బరువుకీ సంబంధం లేదు. గడ్డి వేసుకొచ్చే లారీ ఆగిపోతుంది, తడి ఇసుక నింపిన టిప్పర్ దర్జాగా కిందనుంచి పోతుంది. బస్సులు, ఫైరింజన్లు ఆగిపోతాయి. దాని బదులు రెండు చివర్లా సిగ్నల్, వంతెన మధ్యలో దిమ్మెలతో ఒకే లైను, ఒక చెక్‌పోస్టు. దిమ్మెలు పెట్టడంలో ఉద్దేశం వేగం తగ్గించడం మాత్రమే కాదు, బరువు అంచు గిర్డర్ మీద పడకుండా అన్ని గిర్డర్లకూ పంచుకునేలా బండిని మధ్యలో నడిపించడం. మొదటి నెల జనం బాగా తిట్టుకున్నారు.

వరదకి మూసే నియమం గురించి మాత్రం నేను పట్టుబట్టాను. 2016 ఆగస్టు 2 రాత్రి మహారాష్ట్రలో మహాడ్ దగ్గర సావిత్రి నది మీది బ్రిటిష్ కాలం రాతి వంతెన వరదకి కొట్టుకుపోయింది, చీకట్లో బస్సులు నదిలోకి వెళ్లిపోయాయి. పక్కనే కొత్త వంతెన ఉంది కూడా. అలాంటి రాత్రి ఫోన్లు చేసి పై అధికారి అనుమతి అడిగే టైమ్ ఉండదు. అందుకని రెండు పియర్ల మీద పసుపు గీత, ఎర్ర గీత గీయించాం. పసుపు తాకితే భారీ వాహనాలు బంద్. ఎర్రది తాకితే మొత్తం బంద్. మూసే అధికారం అక్కడున్న ఏఈకీ (అసిస్టెంట్ ఇంజనీరుకీ), స్టేషన్ ఎస్ఐకీ రాతపూర్వకంగా ఇప్పించాం, ఎవరికీ ఫోన్ చేయనక్కర్లేదు. తెరవడానికి మాత్రం నీళ్లు దిగితే సరిపోదు. బలహీనమైన రెండు పియర్ల దగ్గర మళ్లీ లోతులు తీసి, పాత లెక్కతో పోల్చి, ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) సంతకం పెట్టాలి. ఆ కాగితం మీద సంతకం సంపాదించడానికి బ్రాకెట్లు బిగించడం కంటే ఎక్కువ కాలం పట్టింది. మూసినందుకు వచ్చే తిట్లు ఖాయం, మూయకపోతే వచ్చే ప్రమాదం అనుమానం. ఎవరైనా రెండోదాన్నే ఎంచుకుంటారు. అధికారం కాగితం మీద ఉంటే ఆ తిట్లు ఒక్కడి మీద పడవు.

కొత్త వంతెనకి పాతది చెప్పిన సంగతులు

కొత్తది పాతదానికి ఎగువన, సమాంతరంగా. పియర్లు పాత పియర్ల వరుసలోనే వచ్చేలా, ఒక కొత్త స్పాన్ రెండు పాత స్పాన్లకు సమానంగా పెట్టాం. వరుస తప్పితే కొత్త పియర్ నుంచి చీలిన నీరు నేరుగా పాత పియర్ని కొడుతుంది, ఉన్నన్నాళ్లు పాతదాన్ని మనమే పాడుచేసుకున్నట్టవుతుంది. పునాది లోతు లెక్కకి ఇప్పటి నది అడుగుని తీసుకోకుండా, ఇంకా దిగుతుందని అనుకుని తీసుకోమన్నాం. ఐఆర్‌సీ 112 ప్రకారం వంతెన నూరేళ్లు ఉండాలి, ఇసుక తవ్వకం నూరేళ్లలో ఆగిపోతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఆర్టిక్యులేషన్లు అసలు లేవు. స్పాన్లు కలిపి ఎక్స్‌పాన్షన్ జాయింట్లు బాగా తగ్గించాం. పియర్ క్యాప్ మీద బేరింగ్ పక్కన జాకీ పెట్టుకునే చోటు, మనిషి నిలబడి చూసే చోటు వదిలాం. పాత వంతెనలో బేరింగ్ మార్చాలంటే జాకీ పెట్టడానికి అరచేయంత చోటు కూడా లేదు. రోడ్డు మీది వాన నీళ్లు దించే గొట్టాలు గిర్డర్ అడుగు కంటే కిందికి దించాం. ఇది చాలా చిన్న సంగతి. కానీ పాత గిర్డర్ల తుప్పులో పొట్టి గొట్టాల నుంచి గాలికి వెనక్కి కొట్టిన నీళ్ల వాటా పెద్దది.

మా అసలు భయం వేరే ఉంది. మంచి రిపేరు చేస్తే కొత్త వంతెన ఫైలు పడుకుంటుంది. బ్రాకెట్లు బిగించిన రెండో ఏడు బడ్జెట్ మీటింగులో ఆ మాట వచ్చింది కూడా: "బాగానే నిలబడింది కదండీ, ఇంకొన్నాళ్లు చూద్దాం." దానికి ముందే విరుగుడు పెట్టుకున్నాం. మా సర్టిఫికెట్‌లో బ్రాకెట్లకు ఎనిమిదో వరద దాకానే పూచీ రాశాం. ఆ తేదీ దాటితే బస్సులు, లారీలు ఆగిపోయి కార్లు, బైకులే పోవాలని, అందుకు కొత్త ఉత్తర్వు అవసరం లేదని ముందే ఉత్తర్వులో రాయించాం. బస్సులు చుట్టు తిరిగి రావాలంటే ఎంత దూరమో పటం గీసి జత చేశాం. ఆ పటం చూశాక ఫైలు మళ్లీ కదిలింది. బెదిరింపు అనుకున్నవాళ్లూ ఉన్నారు. అనుకోనివ్వండి.

ఇప్పుడు ఎగువ వైపు బావులు దిగుతున్నాయి. పాత వంతెన ఆర్టిక్యులేషన్ల దగ్గర బీటల మీద, బీట కదిలితే పగిలేలా అంటించిన గాజు పట్టీల్లో ఒకటి పగిలింది. అక్కడ బ్రాకెట్ దూలం మీద పడుతున్న బరువు నెలనెలా చూస్తున్నాం, ఇంకా లెక్కలోపలే ఉంది. కొత్త కాంట్రాక్టరు బావుల పనికి నదిలో ఇసుక దిబ్బ కట్టినప్పుడు ప్రవాహం మారుతుంది కాబట్టి మా లోతుల రిజిస్టరు ఆయనకీ ఇచ్చాం, వారానికోసారి ఆయన మనుషులే లోతులు తీసి రాయాలన్న షరతుతో.

పాతదాన్ని కూల్చే ఖర్చు కొత్త వంతెన ఎస్టిమేట్‌లోనే పెట్టించాం. విడిగా పెడితే ఆ పని ఎప్పటికీ జరగదు. గోదావరిలో హేవలాక్ వంతెన 1900లో మొదలై 1997లో రైళ్లు ఆగినా ఇంకా నిలబడే ఉంది, దానికి చరిత్ర ఉంది. మా దానికి అలాంటి చరిత్రేమీ లేదు, నీళ్లకు అడ్డం మాత్రమే. కూల్చేటప్పుడు కాంటిలీవర్ ఒక వైపు ముందు తీసేస్తే రెండో వైపు బరువుకి పియర్ మీద తిరిగే ప్రమాదం ఉంది, అందుకని రెండు వైపులా సమంగా తీసే క్రమం డ్రాయింగుల్లో గీసి పెట్టాం. మిగిలిన చిక్కల్లా వంతెన పక్కన వేలాడుతున్న తాగునీటి పైపూ, రెండు కంపెనీల కేబుళ్లూ. వాటిని కొత్త వంతెన మీదికి ఎవరి ఖర్చుతో మార్చాలన్నది మూడు శాఖల మధ్య ఉత్తరాల్లో ఉంది.